యూట్యూబ్‌కి తాళం, సర్వర్‌కి బార్లా తలుపు

ఆఫీసు కంప్యూటర్లో యూట్యూబ్ తెరవబోతే తెర మీద నోటీసు వస్తుంది: ఈ సైట్‌కి అనుమతి లేదు. సొంత జీమెయిల్ తెరుచుకోదు, వాట్సాప్ వెబ్ తెరుచుకోదు, క్రికెట్ స్కోరు చూద్దామంటే అదీ రాదు. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం చేసిన ఎవరికైనా ఈ నోటీసు పరిచయమే. దాన్ని చూసి కంపెనీ నెట్‌వర్క్ చాలా కట్టుదిట్టంగా ఉందనుకుంటాం. అదే కంపెనీలో జీతాల డేటాబేస్ నడిచే సర్వర్ మీద కూర్చుని, ప్రపంచంలో ఏ మూలో ఉన్న ముక్కూ మొహం తెలియని ఐపీ అడ్రస్‌కి (ఇంటర్నెట్‌లో కంప్యూటర్‌ని గుర్తించే నంబరుకి) కనెక్షన్ పెట్టి చూస్తే, చాలా చోట్ల అది నిక్షేపంగా వెళ్లిపోతుంది. మనిషికి తాళం వేశారు, మెషీన్‌ని వదిలేశారు.

కంపెనీ కంప్యూటర్ల నుంచి బయటికి వెళ్లే కనెక్షన్లను కట్టడి చేయాలన్న మాట వచ్చినప్పుడల్లా రెండు వేర్వేరు పనులు కలగాపులగం అయిపోతాయి. ఉద్యోగి పని మానేసి వీడియోలు చూడకుండా ఆపడం ఒకటి. అది మేనేజర్ బాధ, క్రమశిక్షణ వ్యవహారం. లోపలికి చొరబడ్డ దొంగ ప్రోగ్రాం బయట ఉన్న తన యజమానితో మాట్లాడకుండా ఆపడం రెండోది. భద్రత అంటే ఇది. మొదటిదాని మీద పెట్టే శ్రద్ధలో సగం రెండోదాని మీద పెట్టినా, పేరుమోసిన సైబర్ దొంగతనాల్లో కొన్ని సగంలోనే ఆగిపోయి ఉండేవి.

వాచ్‌మన్ అడగని ప్రశ్న

అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ రిజిస్టర్ పెట్టుకుని కూర్చుంటాడు. వచ్చేవాళ్ల పేరు, ఫోన్ నంబరు, ఏ ఫ్లాటుకి వెళ్తున్నారు అన్నీ రాయిస్తాడు. బయటికి వెళ్లేవాళ్లని మాత్రం ఏమీ అడగడు, చేతిలో రెండు సూట్‌కేసులున్నా సరే. చాలా ఆఫీసుల్లో ఫైర్‌వాల్ చేసే ఉద్యోగం కూడా ఇదే. బయటి నుంచి వచ్చే కనెక్షన్‌ని అనుమానంగా చూస్తుంది. లోపలి నుంచి మొదలైనదాన్ని మనవాడే కదా అని వదిలేస్తుంది. పైగా లోపలివాడు మొదలుపెట్టిన సంభాషణకి బయటి నుంచి వచ్చే జవాబుని కూడా అడ్డు చెప్పకుండా రానిస్తుంది. మనకి వెబ్‌సైట్లు తెరుచుకునేది ఈ ఏర్పాటు వల్లే. దొంగ వాడుకునేదీ ఈ ఏర్పాటునే.

ఇది ఎవరో నిర్లక్ష్యంగా పెట్టుకున్న సెట్టింగు కాదు, కొన్నప్పుడే అలా వస్తుంది. విండోస్‌తో వచ్చే ఫైర్‌వాల్, ఎవరూ ముట్టుకోకపోతే, లోపలికి వచ్చేవాటిని ఆపుతుంది, బయటికి వెళ్లేవాటిని వదులుతుంది. మ్యాక్‌లో ఉండే ఫైర్‌వాల్ అయితే బయటికి వెళ్లేవాటి జోలికే పోదు. అమెజాన్ క్లౌడ్‌లో కొత్తగా ఒక సెక్యూరిటీ గ్రూప్ (అక్కడి మెషీన్లకి ఫైర్‌వాల్ లాంటిది) తయారు చేస్తే లోపలికి అన్నీ బంద్, బయటికి అన్నీ ఓపెన్. తయారుచేసేవాళ్ల కోణం నుంచి చూస్తే అర్థం చేసుకోవచ్చు. బయటి దారి కూడా మూసి అమ్మితే మొదటి రోజే ఏదీ పనిచేయదు, కస్టమర్ ఫోన్ చేసి తిడతాడు. కాబట్టి ఆ పని కొన్నవాళ్లకే వదిలేశారు. కొన్నవాళ్లు, తయారుచేసినవాళ్లే అంతా చూసుకుని ఉంటారులే అనుకున్నారు.

దాడి చేసేవాడికి గేటు పగలగొట్టుకుని రావాల్సిన పని ఇప్పుడు పెద్దగా లేదు. ఒక మెయిల్ పంపితే, లోపల ఎవరో ఒకరు అటాచ్‌మెంట్ తెరిస్తే చాలు. అందులోని ప్రోగ్రాం కంప్యూటర్లో కూర్చుని, తనే బయటికి కనెక్షన్ పెట్టుకుని, 'వచ్చాను, ఏం చేయమంటారు' అని అడుగుతుంది. ఆజ్ఞలు ఆ కనెక్షన్ మీదే వస్తాయి, దొంగిలించిన సరుకూ దాని మీదే పోతుంది. దూరం నుంచి కంప్యూటర్‌ని నడిపించే ఇలాంటి ట్రోజన్లకు బయటితో మాట లేకపోతే ప్రాణం లేనట్టే. ఉన్నచోటే ఉంటాయి, కానీ ఏం చేయాలో చెప్పేవాడు ఉండడు.

హైదరాబాద్‌లోనే చూశాం. 2022 జనవరిలో ఏపీ మహేశ్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుంచి 12 కోట్ల రూపాయలకు పైగా డబ్బు మాయమైంది. అంతకు రెండు నెలల ముందు ఉద్యోగులకు వచ్చిన ఫిషింగ్ (నమ్మించి మోసగించే) మెయిళ్ల ద్వారా ఇలాంటి ట్రోజనే లోపలికి దిగిందని పోలీసుల దర్యాప్తులో తేలింది. దొంగ వచ్చిన వెంటనే దోచుకోలేదు. వారాల తరబడి లోపల ఉండి, ఏ అకౌంటు ఎవరిది, ఏ పాస్‌వర్డ్‌తో ఏ తలుపు తెరుచుకుంటుంది అన్నీ చూసుకున్నాకే చేయి పెట్టాడు. ఆ తర్వాత రిజర్వ్ బ్యాంకు ఈ బ్యాంకుకి 65 లక్షల రూపాయల జరిమానా వేసింది. ఇలాంటి దాడుల్లో వారాల గడువు బ్యాంకుకీ ఉంటుంది. ఆ వారాలన్నీ లోపలి కంప్యూటర్ ఒకటి అలవాటు లేని చోటికి పదే పదే కనెక్షన్ పెడుతూనే ఉంటుంది కాబట్టి, దాన్ని చూసేవాళ్లుంటే దొంగ దొరికే అవకాశం రోజుకి ఎన్నిసార్లో వస్తుంది.

అమెరికా ప్రభుత్వమే ఒప్పుకున్న మాట

బయటి దారి మూస్తే నిజంగా ఉపయోగం ఉంటుందా అన్న అనుమానానికి అందరికంటే గట్టి జవాబు సోలార్‌విండ్స్ ఉదంతం. సోలార్‌విండ్స్ కంపెనీ ఓరియన్ అనే సాఫ్ట్‌వేర్ అమ్ముతుంది. పెద్ద సంస్థలు తమ నెట్‌వర్క్‌లో ఏ పరికరం ఎలా ఉందో చూసుకోవడానికి దాన్ని వాడతాయి. 2019లో దొంగలు ఏకంగా ఆ కంపెనీ లోపలికే చొరబడి, 2020లో ఓరియన్ అప్‌డేట్‌లోనే తమ ప్రోగ్రాం కలిపేశారు. అప్‌డేట్ మీద కంపెనీ డిజిటల్ సంతకం ఉంది, యాంటీవైరస్‌కి తప్పు పట్టడానికి ఏమీ కనిపించలేదు. సుమారు 18,000 మంది కస్టమర్లు దాన్ని బుద్ధిగా దించుకున్నారు. అప్‌డేట్లు ఎప్పటికప్పుడు వేసుకోవాలని అందరూ చెప్పే మంచిమాట విన్నవాళ్లే దెబ్బతిన్నారు. 2020 డిసెంబర్‌లో ఫైర్‌ఐ అనే భద్రతా కంపెనీ తన మీద జరిగిన దాడిని తవ్వుకుంటూ పోయి దీన్ని బయటపెట్టింది.

ఆ ప్రోగ్రాం పనితీరు చూస్తే దొంగ ఓపిక అర్థమవుతుంది. దిగాక 12 నుంచి 14 రోజులు ఏమీ చేయకుండా పడుకుంటుంది. లేచాక తను ఉన్నది ఎవరి నెట్‌వర్కో చూసుకుంటుంది, పరీక్షల కోసం పెట్టిన మెషీన్ అనిపిస్తే మళ్లీ పడుకుంటుంది. అన్నీ సరిపోయాయనుకుంటే అప్పుడు బయట ఉన్న ఒక డొమైన్ (సైట్ పేరు) చిరునామా అడుగుతుంది. అక్కడి నుంచి వచ్చే జవాబుని బట్టి తర్వాత ఎక్కడికి వెళ్లాలో తెలుస్తుంది. మొత్తం పథకం ఈ ఒక్క అడుగు మీద నిలబడి ఉంది.

ఇంతకీ ఓరియన్ సర్వర్‌కి ఇంటర్నెట్ మొత్తంతో ఏం పని? అది చూడాల్సింది లోపలి పరికరాలని. అప్‌డేట్ కోసం ఒకట్రెండు చిరునామాలు చాలు, అవి కూడా మనిషి దించి ఇవ్వొచ్చు. ఈ ప్రశ్నే అమెరికా సెనేటర్ రాన్ వైడెన్ అడిగాడు. 2021 జూన్‌లో ఆ దేశపు సైబర్ భద్రతా సంస్థ సీసా జవాబు రాసింది. బయటికి వెళ్లే కనెక్షన్లన్నీ ఆపే ఫైర్‌వాల్ ఉండి ఉంటే ఈ ప్రోగ్రాం నిర్వీర్యమై ఉండేదన్న మాటతో ఏకీభవించింది. అలా పెట్టుకున్న కొన్ని నెట్‌వర్కుల్లో కనెక్షన్ ప్రయత్నాలు ఆగిపోయి, తర్వాత ఏ నష్టమూ జరగలేదని కూడా చెప్పింది. అయితే అన్ని సంస్థలకూ ఇది ఆచరణలో కుదరదని ఒక మెలిక పెట్టింది. ఆ మెలికలో నిజం ఉంది. కానీ నెట్‌వర్క్‌ని కాపలా కాసే సర్వర్ విషయంలో కూడా కుదరదంటే మాత్రం నమ్మడం కష్టం.

ఏడాది తిరిగేసరికి అదే పాఠం ఇంకో రూపంలో వచ్చింది. 2021 డిసెంబర్‌లో బయటపడ్డ లాగ్4జే (ప్రోగ్రాముల చిట్టా, అంటే లాగ్, రాసే కోడ్) లోపం జావా ప్రోగ్రాములు వాడే ప్రతి సంస్థకీ టెన్షన్ పెట్టింది. తీవ్రత కొలిచే స్కేలు మీద దానికి పదికి పది వచ్చాయి. దొంగ ఒక ప్రత్యేకమైన అక్షరాల వరస రాసి పంపుతాడు, లాగిన్ పేరు గళ్లోనో, చాట్‌లోనో. సర్వర్ దాన్ని లాగ్‌లో రాసుకోబోతూ, అందులో ఉన్న చిరునామా చూసి, తనంతట తానే బయటికి వెళ్లి అక్కడున్న కోడ్ తెచ్చుకుని నడుపుతుంది. చిట్టా రాసే గుమస్తా, చిట్టాలో ఎవరో రాయించిన అడ్రస్‌కి పరిగెత్తుకెళ్లి అక్కడ ఇచ్చిన పొట్లం విప్పినట్టన్నమాట. ఆ సర్వర్‌కి బయటికి వెళ్లే అనుమతి లేకపోతే దాడి చాలావరకు సగంలో ఆగుతుంది. ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) వేయడానికి వారాలు పట్టిన చోట ఆ సగం చాలా విలువైనది.

ల్యాప్‌టాప్‌లకి వస్తే 2023 మార్చిలో మైక్రోసాఫ్ట్ సరిచేసిన అవుట్‌లుక్ లోపం చెప్పుకోవాలి. దొంగ పంపిన మీటింగ్ రిమైండర్‌లో, మోగాల్సిన శబ్దం ఫైలు బయటి సర్వర్లో ఉన్నట్టు రాసి ఉంటుంది. అవుట్‌లుక్ ఆ ఫైలు కోసం వెళ్తుంది, వెళ్తూ వెళ్తూ ఉద్యోగి పాస్‌వర్డ్‌కి సంబంధించిన గుర్తుని అక్కడ చూపిస్తుంది. ఉద్యోగి మెయిల్ తెరవనక్కర్లేదు, దేని మీదా క్లిక్ చేయనక్కర్లేదు. 'తెలియని లింకులు నొక్కకండి' అని ఎన్ని ట్రైనింగులు ఇచ్చినా ఇక్కడ పనికిరావు. ప్యాచ్‌తో పాటు మైక్రోసాఫ్ట్ చెప్పిన జాగ్రత్తల్లో ఒకటి, బయటికి వెళ్లే 445 పోర్టుని (కనెక్షన్లు వెళ్లే నంబరు వేసిన తలుపుల్లో ఒకదాన్ని) మూసేయమని. ఆఫీసు లోపల ఫైళ్లు పంచుకోవడానికి వాడే పోర్టు అది. మామూలు ఆఫీసులో దాన్ని పట్టుకుని ఇంటర్నెట్‌లోకి వెళ్లాల్సిన అవసరం దాదాపు ఏ కంప్యూటర్‌కీ ఉండదు. ఈ ఒక్క పోర్టు మూయడానికి ఏ కొత్త పరికరమూ కొనక్కర్లేదు, ఒక రూల్ రాస్తే చాలు.

జాబితా ఎవరి దగ్గరుంది?

ఇంత ఉపయోగం ఉన్నప్పుడు అందరూ ఎందుకు చేయరు? సాంకేతికంగా కష్టమని కాదు. అన్నీ మూసేసి అవసరమైనవి మాత్రమే తెరవాలంటే, అవసరమైనవి ఏవో ముందు తెలియాలి. ఏ సర్వర్ ఎవరితో, ఎందుకు, ఏ పోర్టు మీద మాట్లాడుతోందో రాసి ఉన్న కాగితం చాలా కంపెనీల్లో ఉండదు. పదేళ్ల కిందట ఎవరో పెట్టారు, వాళ్లు ఉద్యోగం మారారు, సర్వర్ మాత్రం నడుస్తూనే ఉంది. దాన్ని ముట్టుకుంటే ఏమవుతుందోనని ఎవరూ ముట్టుకోరు. మూసిన మర్నాడు జీతాలు పడకపోతే ఆ నింద మూసినవాడి మీద పడుతుంది. మూయకపోవడం వల్ల జరిగే దొంగతనం మాత్రం ఎవరి మీదా పడదు, అది హ్యాకర్ ఖాతాలోకి పోతుంది. సెక్యూరిటీ టీమ్‌లో పనిచేసేవాళ్లు ఈ లెక్క నోరు విప్పి చెప్పరు గానీ, అందరికీ తెలిసిందే.

అందుకే తెలిసినవాళ్లు మూయడంతో మొదలుపెట్టరు, రాసుకోవడంతో మొదలుపెడతారు. ఫైర్‌వాల్‌ని ఆపమనకుండా, వెళ్లే ప్రతి కనెక్షన్‌నీ లాగ్‌లో రాయమంటారు. కనీసం ఒక నెలాఖరు, వీలైతే ఒక క్వార్టర్ చివర కూడా గడవాలి, ఎందుకంటే కొన్ని ప్రోగ్రాములు అప్పుడే నిద్ర లేస్తాయి. ఆ చిట్టా ముందేసుకుని కూర్చుంటే వింతలు కనిపిస్తాయి. ఎప్పుడో మానేసిన వెండర్ సర్వర్‌ని ఇంకా పలకరిస్తున్న ప్రోగ్రాం, తయారీదారుకి రోజూ సమాచారం పంపే ప్రింటర్, ఎవరో ట్రయల్ కోసం వేసి మర్చిపోయిన రిమోట్ సాఫ్ట్‌వేర్. ఏ దొంగా దొరకకపోయినా ఈ ఒక్క పనికే ఖర్చు గిట్టుబాటవుతుంది.

సర్వర్లతో మొదలుపెట్టడం తేలిక కూడా. మనిషి ఈరోజు ఏ సైట్ చూస్తాడో చెప్పలేం, సర్వర్ రేపు ఏం చేస్తుందో చెప్పొచ్చు, నిన్న చేసిందే. డేటాబేస్ సర్వర్‌కి కావలసినవి లోపలి డీఎన్ఎస్ (పేర్లకి చిరునామాలు చెప్పే సర్వీసు), గడియారం సరిచూసుకునే టైమ్ సర్వర్, లోపలే పెట్టుకున్న అప్‌డేట్ సర్వర్, బ్యాకప్. అంతే. ఇంటర్నెట్ పేరే అక్కడ వినపడనక్కర్లేదు. బిల్లింగ్ నడిపే అప్లికేషన్ సర్వర్‌కి పేమెంట్ గేట్‌వే, ఓటీపీ పంపే ఎస్సెమ్మెస్ గేట్‌వే, జీఎస్టీ ఈ-ఇన్వాయిస్ పోర్టల్ ఉంటే చాలు. ఆ కొద్ది చిరునామాలు రాసి మిగతా ప్రపంచాన్ని మూసేయొచ్చు. కార్డు చెల్లింపుల ప్రమాణం పీసీఐ డీఎస్ఎస్ కూడా, కార్డు వివరాలుండే నెట్‌వర్క్ నుంచి అవసరమైనవి తప్ప ఏదీ బయటికి వెళ్లకూడదనే చెబుతుంది.

చిక్కు ఎక్కడొస్తుందంటే, ఆ చిరునామాలని ఎలా రాయాలన్న దగ్గర. ఒకప్పుడు ఐపీ నంబరు రాస్తే సరిపోయేది. ఇప్పుడు పెద్ద సర్వీసులన్నీ క్లౌడ్ మీదే, ఉదయం ఉన్న నంబరు సాయంత్రానికి ఉండకపోవచ్చు. ఒకే నంబరు వెనక వెయ్యి సైట్లు కూడా ఉండొచ్చు. మైక్రోసాఫ్ట్ తన 365 సేవల చిరునామాల జాబితాని విడిగా ప్రచురిస్తూ, సాధారణంగా నెలకోసారి మారుస్తుంటుంది. దాన్ని చేత్తో ఎక్కించుకుంటూ కూర్చునే ఓపిక ఎవరికీ ఉండదు. అందుకే నంబరు బదులు పేరు చూసి నిర్ణయించే ప్రాక్సీ మధ్యలో పెడతారు. మెషీన్‌కి నేరుగా బయటికి దారి ఉండదు, ప్రాక్సీని అడగాలి, ప్రాక్సీ దగ్గర జాబితా ఉంటుంది.

ప్రోగ్రామర్లది ఇంకో గోల. వాళ్ల బిల్డ్ సర్వర్లు (రాసిన కోడ్‌ని ప్రోగ్రాంగా తయారుచేసే మెషీన్లు) మావెన్ నుంచో, ఎన్‌పీఎం నుంచో, పైథాన్ భాండాగారం నుంచో రోజుకి వందల ప్యాకేజీలు (ఇతరులు రాసి పెట్టిన కోడ్ ముక్కలు) దించుతాయి. ఆ సైట్లను పూర్తిగా తెరిస్తే అందులో ఎవరో కలిపిన విషపు ప్యాకేజీ కూడా వస్తుంది. మూస్తే పని ఆగుతుంది. నెక్సస్, ఆర్టిఫ్యాక్టరీ లాంటివి పెట్టుకుని, ప్యాకేజీల నకలు కంపెనీ లోపలే ఉంచి, బిల్డ్ సర్వర్‌ని దాని దగ్గరికే పంపడం ఇందుకే. బయటికి వెళ్లే పని ఆ ఒక్క మెషీన్‌కే ఉంటుంది, కాపలా కూడా ఆ ఒక్కదానికే సరిపోతుంది.

హైదరాబాద్, బెంగళూరు ఓడీసీల్లో (విదేశీ క్లయింట్ల పనికోసం పెట్టిన సెంటర్లలో) పనిచేసినవాళ్లకి కట్టడి అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. విదేశీ బ్యాంకు క్లయింట్ అయితే ఫోన్ బయట లాకర్లో పెట్టాలి, యూఎస్‌బీ పనిచేయదు, క్లయింట్ నెట్‌వర్క్ తప్ప ఏదీ తెరుచుకోదు. ఒక ఎర్రర్ మెసేజ్ గురించి వెతకాలంటే క్యాంటీన్ దాకా నడిచి ఫోన్లో చూసి, గుర్తుపెట్టుకుని వచ్చి టైపు చేయాలి. ఇది అతి అనిపించినా, అక్కడ ఒక నిజాయితీ ఉంది: ఏది అవసరమో కాంట్రాక్టులో రాసి ఉంటుంది, అదే తెరిచి ఉంటుంది. మామూలు ఆఫీసుల్లో కనిపించే రకం వేరు. పని కోసం వెతికే సైట్లు మూసి ఉంటాయి, విండోస్‌లో ఆజ్ఞలు నడిపే పవర్‌షెల్‌కి మాత్రం ఎక్కడికైనా వెళ్లే స్వేచ్ఛ ఉంటుంది. అకౌంట్స్‌లో కూర్చునే మనిషి కంప్యూటర్లో పవర్‌షెల్, ఎంఎస్‌హెచ్‌టీఏ, సర్ట్‌యుటిల్ లాంటి విండోస్ లోపలి ప్రోగ్రాములు ఇంటర్నెట్‌కి వెళ్లాల్సిన పని సాధారణంగా ఉండదు. దొంగలు మాత్రం తమ సరుకు దించుకోవడానికి మొదట పట్టుకునేది వీటినే, ఎందుకంటే ఇవి ముందే అక్కడున్నాయి, మైక్రోసాఫ్ట్ సంతకంతో ఉన్నాయి. విండోస్ ఫైర్‌వాల్లోనే, కంపెనీ కంప్యూటర్లన్నిటికీ ఒకేచోటి నుంచి సెట్టింగులు పంపే గ్రూప్ పాలసీ ద్వారా, వీటిని బయటికి వెళ్లనీయకుండా ఆపొచ్చు. ల్యాప్‌టాప్ ఇంట్లో వైఫై మీద ఉన్నా ఆ రూల్ వెంటే ఉంటుంది. 2020 తర్వాత చాలామంది ఇంటి నుంచి పని చేస్తున్నప్పుడు, ఆఫీసు గోడకి తగిలించిన ఫైర్‌వాల్ కంటే ఈ చిన్న రూల్ ఎక్కువ పని చేస్తుంది.

443లోంచి కారేదెంత

ఇక్కడిదాకా చదివితే జాబితా రాసేస్తే పని అయిపోయినట్టు అనిపించొచ్చు. కాదు. ఇవాళ దాదాపు మొత్తం వెబ్ 443 పోర్టు మీద, ఎన్‌క్రిప్షన్ ముసుగులో నడుస్తుంది. మంచిదీ చెడ్డదీ ఒకే బస్సులో, ఒకే రకం దుప్పటి కప్పుకుని వెళ్తాయి. దొంగలు కూడా సొంత డొమైన్లు మానుకుని టెలిగ్రామ్, గూగుల్ డ్రైవ్, గిట్‌హబ్, డిస్కార్డ్ లాంటి అందరికీ తెలిసిన సేవల మీద నుంచే తమ ప్రోగ్రాములని నడిపిస్తున్నారు. గూగుల్ డ్రైవ్‌కి అనుమతి ఉన్న ఆఫీసులో, అది మన డ్రైవా దొంగ డ్రైవా ఫైర్‌వాల్‌కి పైనుంచి చూస్తే తెలియదు.

తెలియాలంటే దుప్పటి తీసి చూడాలి. కంపెనీ తన సర్టిఫికెట్‌ని (డిజిటల్ గుర్తింపు పత్రాన్ని) అన్ని ల్యాప్‌టాప్‌ల్లో వేసి, ప్రాక్సీ దగ్గర ఎన్‌క్రిప్షన్ విప్పి, లోపల చూసి, మళ్లీ కట్టి పంపుతుంది. దీంతో ఉద్యోగి బ్యాంకు పాస్‌వర్డ్, ఆసుపత్రి రిపోర్టు కూడా కంపెనీ ప్రాక్సీ కంటపడే అవకాశం వస్తుంది. అందుకే బ్యాంకులు, వైద్య సైట్లని ఈ తనిఖీ నుంచి మినహాయించడం ఆనవాయితీ. ఉద్యోగికి చెప్పకుండా ఇలాంటి తనిఖీ పెట్టడం మాత్రం, చట్టం సంగతి అలా ఉంచి, మర్యాద కాదు. సర్వర్ల విషయంలో ఈ తలనొప్పే లేదు. సర్వర్‌కి సొంత జీవితం ఉండదు.

డీఎన్ఎస్ ఇంకో సన్నటి కంత. అన్నీ మూసినా పేరు అడిగితే చిరునామా చెప్పే సర్వీసు తెరిచే ఉంటుంది. దొంగ తన సమాచారాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి, అడిగే పేరులోనే ఇరికించి పంపగలడు. నిదానంగా పోతుంది గానీ పోతుంది. సోలార్‌విండ్స్ ప్రోగ్రాం తొలి పలకరింపు కూడా డీఎన్ఎస్ మీదే. సర్వర్లకి లోపలి పేర్లు మాత్రమే చెప్పే డీఎన్ఎస్ పెట్టడం, బయటి డీఎన్ఎస్‌ని నేరుగా అడగనీయకపోవడం, బ్రౌజర్ తనంతట తాను ఎన్‌క్రిప్టెడ్ డీఎన్ఎస్‌కి మారిపోకుండా పాలసీ వేయడం, ఈ మూడూ చేయకపోతే జాబితా ఎంత బాగా రాసినా కింద నుంచి కారుతూనే ఉంటుంది.

ఇంత తంటా ఎందుకు, పని కంప్యూటర్‌కి ఇంటర్నెట్టే తీసేద్దాం అనుకున్న ప్రభుత్వం ఒకటుంది. సింగపూర్ 2017 మే కల్లా తన ప్రభుత్వోద్యోగుల పని కంప్యూటర్లను ఇంటర్నెట్ నుంచి విడదీసింది. బ్రౌజింగ్‌కి వేరే పరికరం వాడమంది. ఆ నిర్ణయం ప్రకటించినప్పుడు వెటకారాలు తప్పలేదు. ప్రభుత్వ ఆసుపత్రులకి మాత్రం దాన్ని అప్పుడు వర్తింపజేయలేదు. 2018లో దెబ్బ సరిగ్గా అక్కడే తగిలింది. సింగ్‌హెల్త్ ఆసుపత్రుల నుంచి 15 లక్షల మంది రోగుల వివరాలు పోయాయి, అందులో అప్పటి ప్రధాని లీ సీన్ లూంగ్ వివరాలు కూడా ఉన్నాయి. ఆ వెంటనే ఆసుపత్రుల్లోనూ ఇంటర్నెట్ తీసేశారు. అప్పుడు డాక్టర్ల ఇబ్బంది మొదలైంది. మందుల వివరాలు వెతకాలన్నా, కొత్త పరిశోధన చూడాలన్నా ఒక కంప్యూటర్ వదిలి ఇంకోదాని దగ్గరికి వెళ్లాలి. తర్వాత, వేరే సర్వర్లో నడుస్తూ తెర మీద బొమ్మ మాత్రమే చూపించే వర్చువల్ బ్రౌజర్ లాంటివి ప్రయత్నించాల్సి వచ్చింది. మనుషుల మీద పూర్తి నిషేధం పెడితే వాళ్లు పక్కదారి వెతుక్కుంటారు. మన ఆఫీసుల్లో ఆ పక్కదారి పేరు మొబైల్ హాట్‌స్పాట్. ల్యాప్‌టాప్ ఒక చేత్తో ఆఫీసు నెట్‌వర్క్‌నీ, ఇంకో చేత్తో జియోనో ఎయిర్‌టెల్‌నో పట్టుకుంటే, మధ్యలో ఉన్న కోట్ల రూపాయల ఫైర్‌వాల్ ప్రేక్షకుడిగా మిగులుతుంది.

మూయడం వల్ల నష్టం జరిగిన ఉదాహరణ కూడా ఒకటి చెప్పుకోవాలి. 2017 మే 12న మొదలైన వానాక్రై (ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే, తనంతట తానే పాకే పురుగు ప్రోగ్రాం) దాడిలో ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని చిక్కుకున్నాయి. ఆ పురుగు పని మొదలుపెట్టే ముందు అర్థం లేని అక్షరాలతో ఉన్న ఒక పొడవాటి డొమైన్‌ని పలకరించేది. జవాబు వస్తే తనంతట తాను ఆగిపోయేది. బ్రిటన్‌కి చెందిన ఒక యువ పరిశోధకుడు ఆ డొమైన్ రిజిస్టర్ చేయడంతో వ్యాప్తి కూలబడింది. కానీ ప్రాక్సీ ద్వారా తప్ప బయటికి దారిలేని నెట్‌వర్కుల్లో పురుగుకి ఆ డొమైన్ అందలేదు, ఎందుకంటే దానికి ప్రాక్సీని అడగడం తెలియదు. కట్టుదిట్టంగా ఉన్నచోట అది ఆగకుండా పనిచేసుకుపోయింది. ఆ డొమైన్‌ని బ్లాక్ చేయొద్దని బ్రిటన్ సైబర్ భద్రతా కేంద్రం ప్రత్యేకంగా చెప్పాల్సి వచ్చింది. ఇది నియమం కాదు, విధి ఆడిన వేళాకోళం. అయినా బయటి దారి మూసేస్తే లోపల ప్యాచ్ వేయకపోయినా పర్లేదు అనుకునేవాళ్లకి చెప్పాల్సిన కథ.

ఎర్ర గీత ఎవరు చూస్తారు

ఏ ఫైర్‌వాల్లోనైనా రూల్స్ పైనుంచి కిందికి చదువుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట 'ఎనీ టు ఎనీ, అలౌ' (ఎవరైనా ఎక్కడికైనా వెళ్లొచ్చు) అని ఒక గీత తగులుతుంది. పక్కన కామెంట్‌లో 'టెస్టింగ్ కోసం, తాత్కాలికం' అని ఉంటుంది. తేదీ చూస్తే మూడేళ్ల కిందటిది. ప్రాజెక్టు రేపు లైవ్‌కి వెళ్లాలి, ఏదో కనెక్ట్ కావడం లేదు, రాత్రి పదకొండు దాటింది, పెద్దాయన ఫోన్లో అరుస్తున్నాడు. ఆ గీత అలా పుడుతుంది. దానికి గడువు తేదీ పెట్టే సదుపాయం చాలా ఫైర్‌వాల్స్‌లో ఉంది. గడువు రాయకుండా మినహాయింపు ఇవ్వం అన్న ఒక్క పద్ధతి పెట్టుకుంటే జాబితా జాబితాగా మిగులుతుంది, లేకపోతే రెండేళ్లలో మళ్లీ బార్లా తలుపే.

ఆగిపోయిన కనెక్షన్ల లాగ్‌కి ఉన్న విలువ, ఆగడం కంటే ఎక్కువ. నాలుగు చిరునామాలకి మాత్రమే వెళ్లాల్సిన డేటాబేస్ సర్వర్, తెల్లవారుజామున రెండు గంటలకు తెలియని దేశంలోని అడ్రస్‌కి వెళ్లబోయి ఆగిపోయిందంటే, దొంగ లోపలున్నాడన్న మొదటి కబురు అదే కావచ్చు. మన దేశంలో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు దాచాలి, సంఘటన తెలిసిన 6 గంటల్లో చెప్పాలి. దాచడం జరుగుతోంది. చూడడమే అనుమానం. ఎవరు ఎంతసేపు యూట్యూబ్ చూశారో చెప్పే రిపోర్టు వారం వారం మేనేజర్లకు వెళ్లే కంపెనీల్లో, సర్వర్ గదిలో ఆగిపోయిన కనెక్షన్‌ని చూపే ఆ ఒక్క ఎర్ర గీత ఎవరి మెయిల్‌కీ వెళ్లదు.

2013లో అమెరికాలోని టార్గెట్ దుకాణాల్లో ఇదే జరిగింది. ఏసీలు చూసే కాంట్రాక్టరు పాస్‌వర్డ్‌తో దొంగలు లోపలికి దిగారు. బిల్లింగ్ కౌంటర్లలో గీకిన కార్డుల వివరాలు తీసి, కంపెనీ సర్వర్ల మీదే ఒకచోట పోగేసి, అక్కడి నుంచి 1971లో పుట్టిన, ఫైళ్లు పంపే ఎఫ్‌టీపీ పద్ధతిలో బయటికి పంపారు. దుకాణం సర్వర్ బయటి మెషీన్‌కి ఎఫ్‌టీపీలో ఫైళ్లు ఎందుకు పంపుతోందని ఏ రూలూ అడగలేదు. 4 కోట్ల కార్డులు పోయాయి. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయంటారు గానీ ఇక్కడ కుక్క వేళకే మొరిగింది. ఫైల్ ట్రాన్స్‌ఫర్ ఇంకా మొదలు కాకముందే, నవంబర్ 30న భద్రతా సాఫ్ట్‌వేర్ హెచ్చరిక ఇచ్చింది. దాన్ని బెంగళూరులో ఉన్న కంపెనీ పర్యవేక్షణ బృందం చూసింది, మినియాపొలిస్‌లోని ప్రధాన కార్యాలయానికి చెప్పింది. అక్కడ ఎవరూ లేవలేదు. అమెరికా న్యాయశాఖ కబురు పెట్టాకే కంపెనీ కదిలింది, డిసెంబర్ 12న. అప్పటికి బెంగళూరు చెప్పి 12 రోజులైంది.